ఖాళీ నెలల పిల్లలు

ఆ ఇంట్లో పిల్లలందరూ ఖాళీ నెలల్లోనే పుట్టారు, ఒక్కడు తప్ప. దాన్ని దైవసంకల్పమని ఎవరూ అనలేదు. దుకాణం ఏర్పాటు అన్నారు.

దుకాణమంటే ఇంటి ముందుగదే. వీధివైపు రెండు రెక్కల తలుపు, దానికెదురుగా కత్తిరింపు బల్ల, గోడవారగా మూడు కుట్టుమిషన్లు, మూలన ఇస్త్రీ బల్ల. అక్కడ కుట్టేవి బడిపిల్లల యూనిఫారాలు. బళ్ళు తెరవబోయే ముందు కొన్ని నెలలపాటు ఆ గదిలో కాలు మోపడానికి చోటుండేది కాదు. తాన్ల మీద తాన్లు, కట్టల మీద కట్టలు. బళ్ళు తెరిచి, పొట్టి లాగులు పొడిగించమనేవాళ్ళూ ఊడిన గుండీలవాళ్ళూ కూడా వచ్చి వెళ్ళాక గది ఒక్కసారిగా చల్లబడేది. అలా చల్లబడిన కాలానికే ఖాళీ నెలలని పేరు. మిషన్లకు నూనె వేయడం, కత్తెరలకు సాన పట్టించడం, గోడలకు సున్నం కొట్టించడం, పిల్లల్ని కనడం: ఇవన్నీ ఆ నెలల పనులు.

ఈ కట్టుబాటు చేసింది పెద్దకత్తెర.

వీధి పెట్టిన పేరది. దుకాణంలో రెండు కత్తెరలుండేవి. తాను మీద ఒక్క ఊపున నడిచేది పెద్దది. మెడలూ చంకలూ గుండ్రంగా తీసేది చిన్నది. పెద్దది అత్తగారి చేతిలో, చిన్నది కోడలి చేతిలో ఉండేవి. వస్తువుల పేర్లు మనుషులకు అంటుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. అత్తగారు పోయాక పెద్ద కత్తెర కోడలి చేతికి వచ్చింది గానీ, ఆ పేరు పెట్టి ఆమెను పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. వీధి కొన్నాళ్ళు తడబడి, చివరికి కత్తెరమ్మ దగ్గర కుదుటపడింది. మాటలు కూడా అలాగే తుంచుతుందన్న ఎత్తిపొడుపు అందులో ఉందని ఆమెకు తెలుసు. తెలిసీ ఆ పేరుకు పలుకుతుంది.

ఇప్పుడామెకు అరవై దాటాయి. భర్త లేడు. బడులన్నీ రెడీమేడ్ బట్టలకు మళ్ళాయి. మూడు మిషన్లలో ఒకటి మిగిలింది. ఆ మిగిలినదాని మీద మూడేళ్ళ మనవరాలికి గౌన్లు కుడుతుంది. ఎక్కడా నిలవదు కనుక ఆ పిల్లను ఇంట్లో ఉడత అంటారు.

ఆ ఆదివారం పొద్దున, వంటింట్లో కుక్కరు ఇంకా కూత వేయకముందే, కత్తెరమ్మ కోడలు అటక మీంచి రేకుపెట్టె దింపించింది. ఉడతకు పట్టని బట్టలన్నీ అందులోనే ఉంటాయి. వాటి అడుగున ఉడత తండ్రివీ, మేనత్తవీ.

"మా షాపులో అమ్మాయికి నెలలు నిండాయి అత్తయ్యా," అంది కోడలు, చంటిచొక్కాలు ఒళ్ళో పరుచుకుంటూ. కళ్ళద్దాల దుకాణంలో వచ్చినవాళ్ళ చూపు పరీక్షించడం ఆమె ఉద్యోగం. "ఉడతవి కొన్ని ఇస్తానన్నాను. మీకేం అభ్యంతరం లేదుగా?"

కత్తెరమ్మ నోరు విప్పేలోపల, చూసి పోదామని వచ్చి నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్న వియ్యపురాలు కూర తరుగుతున్న కత్తిపీట దగ్గరనుంచి తల తిప్పింది.

"ఇచ్చేస్తే రేపు రెండోదానికి ఏం తొడుగుతావే?"

"రెండోది ఎక్కడుందమ్మా?"

"నేనూ అదే అడుగుతున్నా. ఎక్కడుంది?"

కొడుకు నవ్వాడు. నీటి సరఫరా ఆఫీసులో ఇంజినీరతడు. ఏ సంగతినైనా అంకెల్లోకి మార్చందే నిద్రపట్టని మనిషి. ఈ సందర్భం కోసమే కాచుకున్నట్టు ఫోను చేతికి తీసుకున్నాడు.

"రెండున్నర నుంచి మూడేళ్ళు మంచిదట. అంతకు తక్కువైతే తల్లి కోలుకోదు. అంతకు ఎక్కువైతే పిల్లల మధ్య జట్టు కుదరదట."

"మరి మనమెక్కడున్నాం?" అంది కోడలు తల ఎత్తకుండానే.

"దాటేశాం. అయినా పూర్తిగా చెయ్యి జారిపోలేదు. ఇవాళ మొదలుపెట్టినా..."

"ఇవాళేనా? అన్నం తినేదాకా ఆగుతారా?"

వియ్యపురాలు పైట నోటికి అడ్డం పెట్టుకుని, "సిగ్గు లేదు మీకు," అని మురిసిపోయింది.

ఒక ఆడదాని కడుపు గురించి మాట్లాడుతున్నామన్న స్పృహ ఆ గదిలో ఎవరికీ ఉన్నట్టు లేదు. ట్యాంకు ఎన్నాళ్ళకొకసారి కడిగించాలన్నది ఎంత తాపీగా తేలుస్తారో, అంత తాపీగా తేలుస్తున్నారు. కడిగేవాడినైనా అడుగుతారేమో, ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు. మోయవలసిన మనిషి చంటిచొక్కాల ముడతలు సవరిస్తూ మధ్యలో కూర్చుంది. ఆమె చుట్టూ అందరూ లెక్కలు వేస్తున్నారు. కళ్ళద్దాల దుకాణంవాళ్ళు కొత్తగా తెరిచే శాఖలో చూపు పరీక్షల పనంతా ఆమెకు అప్పగిస్తామన్నారని ఆ గదిలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"మీరే చెప్పండి వదినగారూ," అంది వియ్యపురాలు, కత్తిపీట పక్కకు వాల్చి. "మీరు ఏడాదిన్నర తేడాలో ఇద్దర్ని కన్నారు. ఒక కాలితో మిషను తొక్కుతూ, ఇంకో కాలితో ఉయ్యాల ఊపుతూ పెంచారు. దీనికేం వచ్చింది? ఏసీ గదిలో కూర్చుని గోడ మీది అక్షరాలు చదివించే ఉద్యోగం."

అందరూ కత్తెరమ్మ వైపు చూశారు. ఆమె ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. కోడలైతే అసలే జవదాటదు.

కత్తెరమ్మ అనలేదు. తన బతుకును సాక్ష్యానికి పిలిచి, తననే దాని పక్కన నిలబెట్టినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. అంతకు మించి ఆమెను ఆపినది ఇంకొకటుంది. ఆ మాట అనాలని ఆమెకూ ఉంది.

అందుకు కారణం ఆమె కళ్ళు. కిందటేడు కోడలే తన కళ్ళద్దాల దుకాణానికి తీసుకువెళ్ళి పరీక్ష చేసింది. అనుమానం వచ్చి కంటి డాక్టరుకు చూపించింది. చూపులో నడిమి భాగం మెల్లగా పలచబడుతోందన్నారు. పూర్తిగా పోదు, కానీ సన్నపని సాగదు. కత్తెరమ్మ అడిగింది ఒక్కటే: "సూది బెజ్జం ఎన్నాళ్ళు కనిపిస్తుంది?" కోడలు కల్లబొల్లి మాటలు చెప్పే మనిషి కాదు. "చెప్పలేం అత్తయ్యా, కొన్నేళ్ళు," అంది. ఆనాటినుంచి కత్తెరమ్మ మనసులో ఒక కోరిక పాకుతోంది. అరచేతి వెడల్పు భుజాలున్న చొక్కాలు, గవ్వంత జేబులు, గడ్డం కింద ఒరుసుకోకుండా మెడపట్టీలు... మరొక్కసారి కుట్టాలి, కనిపిస్తుండగానే కుట్టాలి. ఈ కోరిక ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అది ఆ ఆదివారం ఆమె నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది.

ఆ తడబాటులోంచి ఆమెను గట్టెక్కించింది ఉడత. పెట్టెలో నడుందాకా దూరి, అట్టడుగునుంచి ఒక తెల్లచొక్కా లాగి, రెండు చేతులూ తొడుక్కుని, మోకాళ్ళ కిందికి వేలాడుతుంటే గుండ్రంగా తిరిగింది.

"అరె, నా చొక్కా!" అన్నాడు కొడుకు. "కుడి జేబు చొక్కా!"

జేబు నిజంగానే కుడివైపుంది. ఆ కథ ఆ ఇంట్లో అందరికీ వచ్చు. అయినా వియ్యపురాలికి అతడు మళ్ళీ మొదలుపెట్టాడు. అతడు చెబుతుంటే కత్తెరమ్మ వినలేదు. ఆమె అతడు పుట్టకముందటి ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఆ గదికొక వాసన ఉండేది: కొత్త బట్టకు పెట్టిన గంజి, మిషను నూనె, ఇస్త్రీపెట్టెలో బొగ్గు. మూడు మిషన్లు ఒకేసారి నడిస్తే గోడ మీది అద్దం అదిరేది. అత్తగారి మిషను గడగడమనేది, భర్తది నింపాదిగా లయ తప్పకుండా నడిచేది, తనది ఆగి ఆగి కదిలేది. ఆగినప్పుడల్లా కారణం ఒకటే. బల్ల కింద గుడ్డపీలికల బుట్టలో పడుకోబెట్టిన చంటిపిల్ల కదిలేది. ఖాళీ నెలల చివర్లో, ఇంకో వారమాగితే తాన్లు దిగుతాయనగా పుట్టింది ఆ పిల్ల. "నాకు ఇబ్బంది పెట్టకుండా వచ్చింది, బుద్ధిమంతురాలు," అని అత్తగారు పుట్టిన పిల్లను మెచ్చుకుంది. కన్నదాన్ని మెచ్చుకున్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

రెండో కాన్పు నిర్ణయం కత్తిరింపు బల్ల దగ్గర జరిగింది. పెద్దకత్తెర సుద్దముక్కతో బల్లచెక్క మీద రెండు అడ్డగీతలు గీసి, మధ్య జాగాను జానతో కొలిచి కొడుక్కి చూపించింది.

"ఇదిగో, ఇది పిల్ల. ఇది రెండో కాన్పు. మధ్యలో రెండు సీజన్లు. మొదటిది ఈ చంటిదాన్ని బుట్టలో వేసుకుని గట్టెక్కాం. రెండోది మీ ఆవిడ కడుపుతో గట్టెక్కుతుంది. బళ్ళు తెరిచి పని సద్దుమణగ్గానే కాన్పు. ఆ తర్వాత ఇద్దరూ ఒక ఊపున పెరిగిపోతారు, దాని రెండు చేతులూ మళ్ళీ దుకాణానివే. ఏమంటావ్?"

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు భర్త, మిషను ఆపకుండానే.

చిన్నకత్తెర, అంటే ఆనాటి కత్తెరమ్మ, ఆ బల్లకు ఇవతలే నిలబడి ఉంది. ఒక మెడ గుండ్రంగా తీస్తోంది. కత్తెర మెలిక దగ్గర ఆగితే బట్ట పీలికలవుతుంది కనుక ఆపలేదు. ఆమె మెడ పూర్తిచేసి తలెత్తేసరికి నిర్ణయం కూడా పూర్తయింది. ఎవరిదో చెయ్యి ఒరిసి గీతలు సగం చెరిగిపోయాయి.

అత్తగారి లెక్కలో లోపం లేదు. ఆ లెక్కను బిడ్డ ఒప్పుకోలేదు, అంతే. సీజను మంచి ఊపులో ఉండగా, ఒక పెద్ద బడి చొక్కాలు మొత్తం కత్తిరించి, గుర్తులు పెట్టి, కట్టలు కట్టి పెట్టాక, ఇంకా రెండు నెలలు కడుపులో ఉండవలసినవాడు తొందరపడ్డాడు. చిన్నకత్తెర నొప్పులతో రిక్షా ఎక్కింది. చొక్కాలు దుకాణంలో ఉండిపోయాయి.

ఆ ఏడు ఆ బడివాళ్ళు ఎంచుకున్న బట్టకు లోపలా బయటా తేడా లేదు. రెండువైపులా ఒకే నేత, ఒకే తెలుపు. చిన్నకత్తెర సుద్దగుర్తులు ఎప్పుడూ లోపలివైపే పెట్టేది, పైకి మరక కనిపించకూడదని. అత్తగారు పైవైపే పెట్టేది, కనిపించని గుర్తు ఎందుకని. ఎవరు గుర్తులు పెట్టినవి వాళ్ళే కుట్టుకునేవారు కనుక ఏనాడూ పేచీ రాలేదు. ఆ వారం మాత్రం చిన్నకత్తెర గుర్తులు పెట్టినవి పెద్దకత్తెర కుట్టింది. సుద్ద కనబడిన వైపును పైవైపనుకుంది. అలా తిరగేసేసరికి ఎడమ ముందుముక్క కుడిముక్కయింది. జేబు గుర్తు ఎక్కడుంటే జేబు అక్కడ పడింది. బడి మొత్తానికీ కుడివైపు జేబులు! చివరి కట్ట ఇస్త్రీకి వచ్చాక భర్త ఒక చొక్కా తన గుండెకు ఆనించి చూసుకుని, "అమ్మా," అన్నాడట.

"హెడ్మాస్టరు ఉరుకుల పరుగుల మీద వచ్చాడు," అంటున్నాడు కొడుకు వియ్యపురాలితో. "‘పెద్దమ్మా, జేబులు ఇటెందుకొచ్చాయి?’ అంటే, మా నానమ్మ కన్నార్పకుండా, ‘కలం కక్కితే సిరా గుండె మీద పడుతోంది మాస్టారూ, ఈ ఏడు నుంచి కుడివైపు,’ అందట. ఆయన కాసేపు ఆలోచించి, తల ఊపి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు వాళ్ళే వచ్చి, ‘జేబులు మాత్రం కుడివైపే ఉండాలి, మా బడి పద్ధతి అది,’ అన్నారు! నేను పుట్టినందుకు ఒక బడి బడంతా జేబు మార్చుకుంది అత్తయ్యగారూ."

వియ్యపురాలు పొట్ట పట్టుకుని నవ్వింది. కథ ఎప్పుడూ అక్కడే ముగుస్తుంది, ఆ నవ్వు దగ్గర. ఆ తర్వాతి ముక్క కత్తెరమ్మ ఎవరికీ చెప్పలేదు. అందులో నవ్వేందుకేమీ లేదు.

ఆసుపత్రి మంచం మీద, అద్దాలపెట్టెలో పెట్టిన బిడ్డకోసం తలుపు వైపే చూస్తూ పడుకున్నప్పుడు అత్తగారు వచ్చింది. చంకలో పెద్దపిల్ల. చేతిలో మడతపెట్టిన చొక్కా. దాన్ని పక్క మీద పరిచి, జేబు మీద వేలు పెట్టింది.

"నీ గుర్తు లోపలుందని నాకేం తెలుసే?"

"అడిగితే చెప్పేదాన్ని కదా అత్తయ్యా."

కసితో అన్న మాట కాదది. నీరసంలో నోటికొచ్చింది. పెద్దకత్తెర చొక్కాను మళ్ళీ మడతపెట్టింది. మనిషికి ముక్కు మీద కోపం, అయినా కోప్పడలేదు. "అడగాలని తోచలేదు," అంది చివరికి. తర్వాత, దుకాణంలో ఎంత ఏడ్చినా ఒళ్ళోకి తీసుకోని ఆ పిల్లను, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళిద్దరూ చొక్కా గురించే మాట్లాడుకున్నారా? కత్తెరమ్మకు ఈనాటికీ తేలలేదు.

నవ్వులు సద్దుమణిగాయి. కోడలు నవ్వలేదు. ఉడత ఒంటిమీది చొక్కా చేతులు మడుస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"అత్తయ్యా, ఆ ఏడాదిన్నర అని అనుకున్నదెవరు?"

"మా అత్తగారు."

"మావయ్యగారో?"

"సరే అన్నారు."

"మీరు?"

కుక్కరు కూత వేసింది. వియ్యపురాలు, "ఆ రోజుల్లో అడగడాలూ అవీ ఏమిటే, విడ్డూరం కాకపోతే," అంటూ వంటింటివైపు లేచింది. కొడుకు ఫోనులోకి చూశాడు. కత్తెరమ్మ లేచి ముందుగదిలోకి వెళ్ళింది.

కత్తిరింపు బల్ల వెనక గోడకు రెండు పెద్ద మేకులున్నాయి. వాటికి అట్టరంగు కాగితాల దొంతరలు వేలాడుతుంటాయి. ఏటా ఖాళీ నెలల్లో పిల్లలిద్దరి ఒళ్ళూ కొలిచి, ఆ ఏటికి కాగితం మీద అచ్చు కత్తిరించి మేకుకు గుచ్చేది. ఊరివాళ్ళ పిల్లల అచ్చులు ఎప్పుడో చిత్తుకాగితాల్లో పోయాయి. తన పిల్లలవి పోలేదు. పైకాగితం తీస్తే దానికంటే కొంచెం చిన్నది, దాన్ని తీస్తే ఇంకొంచెం చిన్నది. ఆ దొంతరను వెనక్కి తిప్పుతూ పోతే ఎదిగిన మనుషులు మళ్ళీ పిల్లలవుతారు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు ఆమె అలా తిప్పుతుంటుంది.

ఈసారి కూతురి దొంతర అడుగునుంచి రెండో కాగితం ఊడదీసింది. వెనక అడుగుల చప్పుడు. కోడలు వచ్చి బల్లకు అవతల నిలబడింది.

"మీకు కష్టం కలిగించానా అత్తయ్యా?"

"లేదు. చూడు." కత్తెరమ్మ కాగితం బల్ల మీద పరిచి, భుజాల మధ్య తన జాన ఆనించింది. జానకు కాస్త తక్కువే ఉంది. "వీడు పుట్టిన ఏడు నా కూతురి ఒళ్ళు ఇది. ఇంత ఉన్నప్పుడు దాన్ని పెద్దది అన్నాం. పెద్దదానివి ఏడవకూడదు, పెద్దదానివి తమ్ముడికివ్వాలి. బుట్ట వాడిదయింది. నా ఒళ్ళు కూడా వాడిదే అయింది. ఇది బల్ల కిందికి వెళ్ళింది."

"వదిన ఎప్పుడూ బల్ల కింద కబుర్లే చెబుతుంది. ఎంత సరదాగా చెబుతుందో."

"సరదాగానే ఉండేది మరి." కత్తెరమ్మ ముఖం వెలిగింది. "ఇద్దరూ అక్కడే కాపురం. గుండీలు డబ్బులు, పీలికలు కూరలు. ఇది దుకాణదారు, వాడు బేరగాడు. నేను మిషను తొక్కుతుంటే నా కాలికి దారం కట్టి రైలనేవాళ్ళు. ఆ నవ్వులు మళ్ళీ నేను ఎక్కడా వినలేదే. అంత దగ్గరగా పుట్టకపోతే అది లేదు. నిజమే. కానీ అది బాగుందని, నన్ను అడక్కపోవడం కూడా బాగున్నట్టేనా?"

కోడలు కాగితం అంచు సవరించింది.

"మీ వదినని మొన్నామధ్య అడిగాను. నా ఒళ్ళో కూర్చున్నట్టు దానికి గుర్తే లేదట. తమ్ముడు తన ఒళ్ళో కూర్చున్నది గుర్తుందట."

"మిమ్మల్ని అడిగి ఉంటే ఎంత తేడా అనేవారు అత్తయ్యా?"

ఆ ప్రశ్న ఆమెను ఆ ఇంట్లో అడిగిన మొదటి మనిషి, ఇరవై ఏడేళ్ళు కూడా సరిగా నిండని ఈ పిల్ల. కత్తెరమ్మ నిజంగానే వెతికింది. గదిలో మూలమూలలా చూసి, మళ్ళీ కాగితం దగ్గరికే వచ్చింది.

"తెలీదే. ఎవరైనా అడిగితే జవాబు వెతుక్కుంటాం. నన్నెవరూ అడగలేదు, నేనూ వెతకలేదు. ఇప్పుడు వెతికితే దొరకట్లేదు. లేనిదాన్ని కల్పించి నీకు చెప్పలేను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కోడలు బల్ల మీది సుద్దముక్క తీసి అటూ ఇటూ దొర్లించింది.

"నేను ఒప్పుకుందామనుకుంటున్నా," అంది నెమ్మదిగా. "కొత్త శాఖ సంగతి తర్వాత చూసుకోవచ్చు. వాళ్ళు ఆగకపోతే ఆగకపోనీ."

"నీకిష్టమై ఒప్పుకుంటావా?"

"మీ కళ్ళ సంగతి నాకు తెలుసు కదా అత్తయ్యా. ఆ బట్టలు మీరు ఎలా ముట్టుకుంటున్నారో పొద్దుట చూశాను. ఇంకో రెండు మూడేళ్ళు ఆగితే..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. పూర్తి చేయనివ్వలేదు కత్తెరమ్మ. ఎవరికీ చెప్పని కోరిక బట్టబయలైనందుకు ఆమెకు సిగ్గేసింది. మరుక్షణమే మరోటి తట్టింది. ఆనాడు అత్తగారు సుద్దతో గీసింది. ఈనాడు తను గీయలేదు, నోరు కూడా విప్పలేదు. అయినా గీత పడింది. ఈ మంచిపిల్ల ఆ గీత వెంట కత్తిరించడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

"ఇటు చూడు," అంది. "నా కంటికోసం నువ్వు కడుపు మోయక్కర్లేదు. కనబడితే కుడతాను. కనబడకపోతే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి చూపెందుకు?"

"అది కాదత్తయ్యా..."

"అదే. మా అత్తగారు దుకాణం కోసం లెక్క వేసింది. నీ మొగుడు ఎవడో రాసిన ముక్క చూసి వేస్తున్నాడు. మీ అమ్మ తోటివాళ్ళ మనవల్ని చూసి వేస్తోంది. నేను సూది కోసం వేస్తున్నా. అందరి లెక్కలూ అయ్యాయి. నీదేది?"

కోడలు సుద్దముక్కను బల్ల మీద పెట్టేసింది.

"నాకు ఉడతే ఇంకా పూర్తిగా అందినట్టు లేదు," అంది. "పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తా. కాస్తంత దొరుకుతుంది. ఇంకాస్త కావాలని ఉంది. అందాకా ఇంకొకళ్ళని పిలవబుద్ధి కావట్లేదు. ఎప్పుడు అవుతుందంటే నాకూ తెలీదు. అసలు అవుతుందో లేదో. అలా అంటే అందరూ..."

"అందరూ ఏమంటారో నేను చూసుకుంటా."

కొడుకు ఉడతను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. కుడి జేబు చొక్కా ఇంకా ఆ పిల్ల ఒంటిమీదే ఉంది. వెనకే గరిటెతో వియ్యపురాలు.

"ఏం తేల్చారు అత్తాకోడళ్ళు? ఎప్పటికి అనుకోమంటారు?" అన్నాడు కొడుకు, వాతావరణం తేలిక చేద్దామని.

"తేల్చేది నేను కాదురా."

"అయితే ఎవరు?"

"మోసేది. అడగండి, చెబుతుంది. ఎప్పుడని అడక్కండి, ఏమనుకుంటున్నావని అడగండి. చెప్పేదాకా ఈ ఇంట్లో ఇంకెవరూ లెక్కలు వేయడానికి వీల్లేదు. నాతో సహా."

"మీరే అలా అంటే ఎలా వదినగారూ?" వియ్యపురాలు గరిటె పైకెత్తింది. "మీరు పెంచలేదూ?"

"పెంచాను వదినగారూ. అందుకే చెబుతున్నా. నా ఏడాదిన్నర నా దగ్గర ఉండనివ్వండి, దాన్ని తీసుకొచ్చి ఈ పిల్ల నెత్తిన పెట్టకండి."

మాట గట్టిగా లేదు. మెడ గుండ్రంగా తీసినంత సాఫీగా ఉంది. దానికి ఎదురు చెప్పడానికి వియ్యపురాలికి అంచు దొరకలేదు. మూతి ముడిచి, కూర మాడుతోందంటూ వెళ్ళిపోయింది. కొడుకు ఉడతను మరో చంకకు మార్చుకున్నాడు. భార్య వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూసి, "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాడు, భాష కొత్తగా నేర్చుకుంటున్నవాడిలాగా.

"అన్నం తిన్నాక చెబుతాను," అంది కోడలు. "కాస్త సేపు పడుతుంది."

"పట్టనీ," అన్నాడతడు.

"ఆ చంటిచొక్కాలన్నీ మీ షాపు పిల్లకి ఇచ్చెయ్యి," అంది కత్తెరమ్మ. "పెట్టెలో ఉంటే చిమటలు తింటాయి. కావలసి వస్తే మళ్ళీ కుట్టుకుంటాం, ఎవరో ఒకరం. ఈ చొక్కా మాత్రం ఇవ్వకు."

ఆమె ఉడతకోసం కొన్న పూలగుడ్డను బల్ల మీద పరిచింది. సూది తీసి దారంతో పాటు కోడలికి అందించింది. కోడలు దారం ఎక్కించి ఇచ్చింది.

"కొలత తీసుకోవా అమ్మా?" అన్నాడు కొడుకు. "నిరుటి కొలత పట్టదు. అదప్పుడే పెద్దదైపోయింది."

"ఎవర్రా పెద్దది?" కత్తెరమ్మ తోక తొక్కిన పిల్లిలా చూసింది. "తే ఇటు."

ఉడతను అందుకుని మిషను ముందు కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల తల సరిగ్గా గడ్డం కిందికి వచ్చింది. పెద్ద చొక్కాలోంచి రెండు చిన్న చేతులు బయటికి వచ్చి చక్రం పట్టుకున్నాయి.

"నానమ్మా, రైలు!"

బట్ట ఇంకా కత్తిరించలేదు. మిషనులో దారం కూడా లేదు. అయినా కత్తెరమ్మ పాదాలు పలక మీద ఆనించి, ఒత్తి, నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టింది.